గట్టి మందు

మా అన్నయ్య నా నోట్లో టార్చిలైటు పెట్టి చూసిన రోజున నాకింకా అన్నీ వినపడుతున్నాయి. కిటికీ తలుపులు మూసినప్పుడు గడియ పడిన చప్పుడు, స్టేషను వైపు నుంచి కుర్రాళ్లు "జై ఆంధ్ర" అని అరుచుకుంటూ పోవడం, వంటింట్లో వదిన తిరగమోత పెట్టడం, అన్నీ.

"పెదాలు బిగబట్టు. అద్దంలోకి చూడు," అన్నాడు అన్నయ్య.

పట్టపగలు చీకటి చేసిన గదిలో, గోడకున్న అద్దంలో, నా ఎడమ చెంప మందారరేకులా ఎర్రగా వెలిగింది. కుడి చెంప మాత్రం నల్లగా, మొద్దులా ఉండిపోయింది.

"చూశావా? ఆ ఎముక వెనక చిన్న గది ఉంటుంది. అందులో గాలి ఉండాలి. నీకు చీము నిండింది. అందుకే వెలుగు రావట్లేదు." టార్చి తీసి, కిటికీ తెరిచి, నా ముఖం వెలుగులోకి తిప్పి కంటి కింద బొటనవేలితో నొక్కాడు. నేను అరిచాను. "పన్ను ఎవడు పీకాడే?"

"తెనాల్లో. పన్ను నొప్పే అనుకున్నాం."

"మంచి పన్ను పీకించుకున్నావు," అని నవ్వాడు. నొప్పితోనే నేనూ నవ్వాను.

నేను తెనాలి టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ట్రంకు ఆపరేటర్ని, ఊరికీ ఊరికీ ఫోన్లు కలిపేదాన్ని. మా ఆయన బసవేశ్వరరావు బాపట్ల తాలూకా ఆఫీసులో గుమాస్తా. కాపురం తెనాల్లోనే, గంగానమ్మపేటలో. ఆయన రోజూ రైల్లో వెళ్లొచ్చేవాడు. డెబ్భై రెండు డిసెంబరులో ప్రత్యేకాంధ్ర ఉద్యమం కోసం రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులంతా సమ్మె కట్టారు. ఆయనా కట్టాడు. నాది కేంద్ర ప్రభుత్వపు ఉద్యోగం. మా ఎక్స్ఛేంజి గుమ్మంలో తుపాకులు పట్టుకున్న పోలీసుల్ని నిలబెట్టి, సెలవులన్నీ రద్దు చేశారు. రైళ్లు ఆగిపోయి, బస్సులు కాలిపోయి, ఉత్తరాలు రాక, ఊళ్లన్నీ ఫోను తీగ మీదే బతుకుతున్న రోజులవి. ఇంట్లో జీతం తెచ్చేదాన్ని నేనొక్కదాన్నే అయ్యాను. నేను డ్యూటీకి వెళ్తుంటే అది ఆయనకు గుచ్చుకునేది. వెళ్లకుండా పడుకుంటే భయం వేసేది.

ఆ రెండిటి మధ్యలో నాకు జలుబు చేసింది. ప్రతి చలికాలం చేసేదే. ఈసారి మాత్రం దిగలేదు. వంగితే కుడి కన్ను ఊడి కింద పడుతుందేమో అన్నంత బరువు. హెడ్‌సెట్టు తలకు తగిలించుకుంటే ఆ ఇనప పట్టీ బరువుకే కళ్లు తిరిగేవి. ముక్కులోంచి కుళ్లు వాసన. అన్నం ముందు కూర్చుంటే నా వాసన నాకే డోకు తెప్పించేది. పక్క సీటులో పనిచేసే దానమ్మ, "అక్కా, మీ అన్నయ్య డాక్టరేగా, ఇంకా ఇక్కడే ఎందుకు కూచున్నావు?" అని మందలిస్తే, రేపల్లె మిల్లుకు పోయే ధాన్యం లారీలో డ్రైవరు పక్కన కూర్చుని వచ్చాను. చెరుకుపల్లి దగ్గర కుర్రాళ్లు రోడ్డుకు అడ్డంగా తుమ్మకొమ్మలు పడేసి లారీ ఆపారు. వాచిపోయిన నా ముఖం చూసి, "వెళ్లండక్కా," అని వాళ్లే కొమ్మలు పక్కకు లాగారు.

మా అన్నయ్య పూర్ణచంద్రరావు గుంటూరులో ఎంబీబీఎస్ చదివి రేపల్లెలో ప్రాక్టీసు పెట్టాడు. ముందు రెండు గదులు ఆస్పత్రి, వెనక ఇల్లు. అమ్మ పోయాక నాన్న పొలాలు కౌలుకిచ్చేసి వాడి దగ్గరే ఉంటున్నాడు. మా వంశంలో మొదటి డాక్టరు అన్నయ్యే. నాన్న పడక్కుర్చీ ఎప్పుడూ ఆస్పత్రి గది గుమ్మంలోనే ఉండేది.

"ఏం మందిస్తావు?" అని అడిగాను.

అన్నయ్యకి చెప్పడం ఇష్టం. చిన్నప్పుడు లెక్కలు చెప్పినట్టే చెప్పేవాడు. "సల్ఫా మాత్రలు ఈ చీముకి చాలవు. టెట్రాసైక్లిన్ ఇద్దామంటే మన ఊరి షాపులో ఉన్నది గడువు దాటిపోయింది. అది వేస్తే మూత్రపిండాలకు చేటు. కొత్తగా యాంపిసిలిన్ అని వచ్చింది, మంచిదే, గుంటూరు దాకా ఎవరు పోయి తెస్తారు ఈ గొడవల్లో? పెన్సిలిన్ ఉంది. ఇలాంటి జబ్బుకి అదే సరైనది కూడా. మెల్లిగా పనిచేస్తుంది, కాని పనిచేస్తుంది. అప్పటికీ దిగకపోతే, దార్లు తెరిచాక గుంటూరు తీసుకెళ్లి ముక్కులోంచి గొట్టం పెట్టి కడిగిస్తాను."

"తెనాల్లో అందరూ స్ట్రెప్టో పెన్సిలిన్ అంటున్నారే, రెండూ కలిసిన సూది. అది గట్టిదట కదా?"

"గట్టిదే. అందులో సగం క్షయకి వాడే మందు. నీకు క్షయ ఉందా?" నా చేతి మీద కొంచెం పెన్సిలిన్ గుచ్చి, దద్దురు వస్తుందేమోనని చూస్తూ కూర్చున్నాడు. "ఒక్కొక్కళ్లకి అది చెవి నరాన్ని తినేస్తుంది. నువ్వు బతికేది చెవుల మీద. ఆ సూది మాట నా దగ్గర ఎత్తకు."

దద్దురు రాలేదు. పెన్సిలిన్ మొదలుపెట్టాడు.

అన్నయ్య అన్నట్టే అది మెల్లిగా పనిచేసింది. పొద్దునా సాయంత్రం జామాయిల్ ఆకులు మరిగించిన గిన్నె ముందు దుప్పటి కప్పుకుని కూర్చునేదాన్ని. మొదట కంటి కింద వాపు తగ్గింది. తర్వాత ఒకరోజు వదిన ఇంగువ పొంగిస్తుంటే ఆ వాసన తెలిసింది. వంటింట్లోకి పరుగెత్తి, "ఇంగువే కదూ?" అని అడిగితే వదిన నన్ను పట్టుకుని నవ్వింది. ఇంకా తల బరువుగానే ఉంది, సాయంత్రమయ్యేసరికి వెచ్చబడేది. కాని దిగుతోందని నా ఒంటికి తెలుస్తోంది.

అప్పుడు మా ఆయన వచ్చాడు.

ఎవరి సైకిలో తీసుకుని పొద్దున్నే బయల్దేరినట్టున్నాడు. గడ్డం మాసిపోయి ఉంది. బాపట్ల శిబిరంలో నిరాహారదీక్షకు కూర్చుని లేచిన మర్నాడే వచ్చాడట. నేను ఆస్పత్రి గదిలో మూల బల్ల మీద, దుప్పటి కింద, ఆవిరి పడుతున్నాను. ఆయన చెప్పులు విడిచిన చప్పుడు విని దుప్పటి తీయబోయాను.

"తియ్యకు, చల్లగాలి తగుల్తుంది. అలాగే ఉండు," అన్నాడు అన్నయ్య.

అలాగే ఉన్నాను.

"ఎలా ఉంది?" అని ఆయన అడిగింది నన్ను కాదు, అన్నయ్యని.

"దిగుతోందండీ బావగారూ. ఇంకో వారం పడుతుంది."

"వారమా? వాళ్ల సూపర్‌వైజరు ఇంటికి మనిషిని పంపాడు. సోమవారానికి డ్యూటీలో లేకపోతే సస్పెండు చేస్తార్ట. ఇవి మామూలు రోజులు కావు బావగారూ. మా ఉద్యోగాలు ఎలాగూ గాల్లో ఉన్నాయి. దానిదీ పోతే ఏంటి మా గతి?"

"సర్టిఫికెట్టు రాసిస్తాను."

"మీరు దానికి అన్నయ్య. మీ సర్టిఫికెట్టు ఎవడు నమ్ముతాడండీ?" కుర్చీ లాక్కున్నాడు. గొంతు తగ్గించాడు, తగ్గించినా నాకు వినపడుతూనే ఉంది. "ఏం సూది వేస్తున్నారు?"

"పెన్సిలిన్."

"ఇంకా పెన్సిలినేనా! తెనాల్లో రిక్షా తొక్కేవాళ్లకి కూడా ఆ స్ట్రెప్టో కలిసింది వేస్తున్నారు. రెండు సూదులకి లేచి తిరుగుతున్నారు. మీరేమో ఇన్నాళ్లబట్టి నీళ్ల సూదులు వేస్తూ కూచున్నారు."

"అది క్షయకి వాడేదండీ. చెవికి పడదు."

"వేయించుకున్నవాళ్లంతా చెవిటివాళ్లయ్యారా? బజార్లో ఉన్న ఆరెంపీలకి ఉన్న ధైర్యం ఎంబీబీఎస్ చదివిన మీకు లేదేంటి? పొరుగువాళ్లు నన్ను అడుగుతున్నారు, మీ బావమరిది డాక్టరు కదా, జలుబు తగ్గించలేకపోయాడా అని. ఏం చెప్పమంటారు?"

గుమ్మంలో పడక్కుర్చీ కిర్రుమంది. నాన్న గొంతు వినపడింది.

"అల్లుడు అంతగా అడుగుతున్నాడు. గట్టిదే వెయ్యరాదట్రా? నీకు తెలియని మందేం కాదుగా."

దుప్పటి కింద ఊపిరాడక చెమటలు కారుతున్నాయి. అన్నయ్య వద్దంటాడనే అనుకున్నాను. నా దగ్గర ఆ మాట ఎత్తకు అన్నవాడు వీళ్లకీ అదే చెబుతాడని చూశాను. అలమారా తలుపు తెరిచిన చప్పుడైంది. సీసాలు ఒకదానికొకటి తగిలాయి.

"సరే. చెవుల్లో హోరు వస్తే మాత్రం చెప్పమనండి, ఆపేద్దాం," అన్నాడు.

చెప్పమనండి. నేను బెత్తెడు దూరంలో ఉన్నాను.

నేను దుప్పటి తీసేసరికి గిన్నెలో నీళ్లు చల్లారిపోయి ఉన్నాయి. అన్నయ్య సిరంజి తెచ్చాడు. నా ముఖం వంక చూడకుండా, "చెయ్యి వదులుగా పెట్టు," అన్నాడు. ఆ సూది పెన్సిలిన్ కంటే ఎక్కువ నొప్పి పెట్టింది. మా ఆయన పక్కన నిలబడి, "నొప్పి ఉందంటే పనిచేస్తున్నట్టే," అన్నాడు.

మిగతా సీసాలు సంచీలో పెట్టుకుని, ఆదివారం మరో ధాన్యం లారీలో నన్ను తెనాలి తీసుకొచ్చాడు. మా వీధి చివర ఉండే కాంపౌండరు బ్రహ్మయ్య రోజూ ఇంటికొచ్చి సూది వేసి వెళ్లేవాడు.

ఎంత బాగా తగ్గిందంటే, ఇప్పటికీ చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది. వారం తిరక్కుండా తల తేలికైపోయింది. ముక్కు తెరుచుకుంది. పక్కవాళ్ల ఇంట్లో కాఫీ పొడి ఆడిస్తుంటే మా ఇంట్లో వాసన తెలిసేది. డ్యూటీకి వెళ్తే సూపర్‌వైజరు కుర్చీలోంచి లేచి మరీ పలకరించాడు. పెన్సిలిన్ అప్పటికే సగం పని చేసి పెట్టిందన్న సంగతి ఎవరికీ పట్టలేదు. మా ఆయన వీధిలో ఎవరు కనపడినా చెప్పేవాడు: "నేను పట్టుబట్టి సూది మార్పించానండీ. లేకపోతే ఇంకా అక్కడే పడి ఉండేది." ఆ రోజుల్లో ఆయన నాతో బాగా ఉండేవాడు. జైళ్లూ లాఠీలూ శిబిరాల కబుర్లన్నీ పడుకుని చెప్పేవాడు. నేను వినేదాన్ని.

హోరు మొదలైంది ఆ రోజుల్లోనే. మొదట ఇలకోడి కూత అనుకున్నాను. దొడ్లో కట్టెల మధ్య ఉందేమోనని కట్టెలు కదిలించి చూశాను. లోపలికొచ్చినా అది వెంట వచ్చింది.

"చెవుల్లో ఏదో మోగుతోందండీ," అన్నాను మా ఆయనతో.

"జలుబు దిగేటప్పుడు అలాగే ఉంటుంది."

"అన్నయ్య ఆపమన్నాడుగా?"

"కోర్సు మధ్యలో ఆపితే మళ్లీ మొదటికొస్తుందని డాక్టర్లే అంటారు. ఇంకెన్ని సీసాలున్నాయని? పూర్తి చెయ్యి. ఈ కాసిని రోజులకి గొడవెందుకు?"

మర్నాడు డ్యూటీలో, స్విచ్‌బోర్డు కాస్త తెరిపిచ్చినప్పుడు, రేపల్లె లైను అడిగి అన్నయ్యకి నేనే కలుపుకున్నాను. దానమ్మ తన హెడ్‌సెట్టు తీసి పక్కన పెట్టింది, మేం మాట్లాడుకునేది వినకూడదని.

"అన్నయ్యా, చెవుల్లో హోరు వస్తోంది."

అవతల ఏ చప్పుడూ లేదు. లైను తెగలేదని నాకు తెలుసు. ఆ పని చేసేదాన్ని కదా, తెగిన లైనుకీ, మాట్లాడని మనిషికీ తేడా నాకు బాగా తెలుసు.

"ఎప్పట్నించి?" అన్నాడు చాలాసేపటికి.

"నాలుగైదు రోజుల్నించి."

"నడుస్తుంటే తూలు వస్తోందా?"

"కొంచెం."

వెనక నాన్న ఎవరితోనో మాట్లాడుతున్నాడు. "బావగారికి చెప్పావా?" అన్నాడు అన్నయ్య.

"చెప్పాను. పూర్తి చెయ్యమన్నారు."

"ఊఁ," అన్నాడు. "అయితే... ఇంక కొంచెమే కదా. పూర్తి చెయ్యి. తగ్గిపోతుందిలే."

వాడి గొంతు నాకు పుట్టినప్పట్నించీ తెలుసు. చెట్టు మీంచి నన్ను తోసేసి అమ్మ దగ్గర అదే పడిందని చెప్పినప్పటి గొంతు అది. అయినా డాక్టరు చెప్పాడు కదా అని ఫోను పెట్టేసి, సాయంత్రం బ్రహ్మయ్యకి చెయ్యి చాపాను.

సూదులు అయిపోయాయి. హోరు అయిపోలేదు. పైగా గొంతులు పాడవడం మొదలుపెట్టాయి. నాకు అలాగే అనిపించింది. నా చెవులు కాదు, ఊళ్లో వాళ్ల గొంతులే పాడైపోతున్నాయనుకున్నాను. ఆడవాళ్లవి ముందు పోయాయి. తర్వాత చిన్నపిల్లలవి. మగవాళ్ల గొంతు వినపడేది గాని, మాటలు అంచులు అరిగిపోయి ముద్దగా తగిలేవి. సిక్స్ అన్నా సెవెన్ అన్నా ఒకటే. చీరాల అడిగితే బాపట్ల ఇచ్చాను. వేటపాలెం వాళ్లకి ఇవ్వాల్సిన ఫోను రేపల్లెకి ఇచ్చాను. "మళ్లీ చెప్పండి" అనడం ఎక్కువైంది. ఒకాయన అవతల్నించి విసుక్కుని, "ఏమ్మా, చెవుడా?" అన్నాడు. ఆ మాట మాత్రం స్పష్టంగా వినపడింది.

దానమ్మది నిజాంపట్నం. తండ్రి సముద్రం మీద వేటకు పోయే మనిషి, తల్లి ఎండుచేపలు అమ్మి కూతుర్ని ఎస్సెల్సీ చదివించింది. నాకంటే చిన్నది. నేను ఏమీ చెప్పకుండానే దానికి తెలిసిపోయింది. నా వైపు దీపం వెలిగితే నేను అందుకునే లోపల తనే తీగ గుచ్చి, నంబరు అడిగి, నా ముందు కాగితమ్ముక్క మీద రాసి పెట్టేది. సూపర్‌వైజరు ఇటు తిరిగితే ఇద్దరం తలలు వంచేవాళ్లం. అలా కొన్ని వారాలు లాక్కొచ్చింది. ఒకరోజు నా గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుని, పెద్దగా అంది:

"అక్కా, ఇంక దాచలేం. గుంటూరు ఎల్లి చూపించుకో."

"అంత అరవకే," అన్నాను.

"మా ఊళ్లో సముద్రం పక్కన ఇట్టాగే మాట్లాడతాం. నా ముఖం చూస్తా విను."

మార్చి నెలకి సమ్మె ముగిసింది. రైళ్లు తిరిగాయి. గుంటూరు పెద్దాసుపత్రిలో చెవుల డాక్టరు ఇనప కడ్డీ ఒకటి బల్లకు కొట్టి నా చెవి దగ్గర పెట్టాడు. ఆయన కళ్లలోకి చూస్తూ, ఏం చెప్పాలో తెలియక, "మోగుతోందా?" అని నేనే అడిగాను. అది తీసి నా చెవి వెనక ఎముకకి ఆనించాడు. తర్వాత నన్ను కళ్లు మూసుకుని నిలబడమన్నాడు. నేను ఒరిగిపోతే మా ఆయన పట్టుకున్నాడు. ఆ తర్వాత డాక్టరు నాతో మాట్లాడలేదు, ఆయనతో మాట్లాడాడు. అడిగిందేమిటో పెదాల మీద తెలిసింది: ఏం సూదులు వేశారు?

మా ఆయన కుర్చీలో ముందుకు జరిగాడు. "వాళ్ల అన్నయ్యే డాక్టరండీ. రేపల్లెలో. ఆయనే వేశాడు. మాకేం తెలుసు?"

నేను అక్కడే ఉన్నాను. మాకేం తెలుసు అన్నప్పుడు ఆయన నా వంక చూడలేదు.

చెవి నరం పోయిందనీ, వినికిడి ఇక రాదనీ నాకు చెప్పింది మర్నాడు దానమ్మ. మా ఆయన చేత చెప్పించుకుని వచ్చి, నా ఎదురుగా కూర్చుని, మాట మాటకీ ఆగి చెప్పింది. చెప్పి, నాకంటే ముందు అదే ఏడ్చింది.

నన్ను బోర్డు మీంచి తీసేసి రికార్డు గదిలో వేశారు. ఉద్యోగం ఉంచారు కదా, సంతోషించమన్నాడు సూపర్‌వైజరు. మా ఆయన బాపట్ల ఆఫీసులో మళ్లీ సీటులో కూర్చున్నాడు. ఆ ఆఫీసులో, రైలు పెట్టెలో, వీధిలో, ఎక్కడ నా సంగతి వచ్చినా ఆయన చెప్పేది ఒకటే: "సొంత అన్నయ్యే చెవిటిదాన్ని చేశాడు." "నేను పట్టుబట్టి మార్పించాను" అన్న మాట ఏమైందో మరి. ఆ వీధిలో వాళ్లెవరూ అది గుర్తుచేసిన పాపాన పోలేదు. పనికొచ్చినన్నాళ్లు ఆ సూది ఆయనది. తర్వాత అన్నయ్యది.

ఆ మాట రేపల్లె చేరింది. రోగులు తగ్గుతున్నారని నాన్నకి దిగులు పట్టుకుంది. బావా బావమరుదుల్ని కూర్చోబెట్టి మాట్లాడదామని వేసవిలో కబురు పంపాడు. నన్నూ రమ్మన్నాడు, మాట్లాడటానికి కాదు, చూడటానికి.

ఆస్పత్రి గదిలోనే కూర్చున్నారు. బయట వసారాలో పొద్దుటి రోగులు ఉన్నారు. కిటికీలు తెరిచి ఉన్నాయి. నాన్న పడక్కుర్చీ గదిలోకి జరిపారు. వదిన మజ్జిగ తెచ్చి ఇచ్చి, నా భుజం నొక్కి, లోపలికి వెళ్లిపోయింది. అప్పటికి మగవాళ్ల గొంతులు కూడా నాకు దూరపు ఉరుములా తగిలేవి. మిగతాది పెదాల మీద చదువుకునేదాన్ని. అయినవాళ్ల పెదాలు చదవడం సులువు. వాళ్లు ఏమంటారో ముందే తెలుసు కదా.

మా ఆయన చెయ్యి ఊపుతూ మాట్లాడాడు. నీ సూది వల్లే. నీ చెల్లెలని కూడా చూడలేదు. నా సంసారం పాడైంది.

అన్నయ్య బల్ల మీది స్టెతస్కోపు సర్దుతూ, తల ఎత్తకుండా చెప్పాడు. ముక్కు నుంచి చెవికి దారి ఉంటుంది. జబ్బే అటు పాకింది. సూదికీ దీనికీ సంబంధం లేదు. ఆ సూది వెయ్యకపోతే కన్ను పోయేది.

నాన్న తల ఊపాడు. జబ్బే పాకింది, అన్నాడు అల్లుడి వైపు తిరిగి. విధి, అన్నాడు.

వాళ్లకి సరిపోయిందనిపించింది. విధి దగ్గర ముగ్గురూ కలుసుకోవచ్చు. మా ఆయన కూడా చెయ్యి ఊపడం తగ్గించి మజ్జిగ గ్లాసు అందుకున్నాడు.

"సూది మార్చమని అడిగింది మీరు," అన్నాను మా ఆయనతో.

ముగ్గురూ నా వైపు తిరిగారు. అంత ఉలికిపడి ఎందుకు చూశారో మొదట అర్థం కాలేదు.

"నీళ్ల సూదులన్నారు. ఆరెంపీలకున్న ధైర్యం లేదన్నారు. గట్టిది వెయ్యమన్నారు." అన్నయ్య వైపు తిరిగాను. "అది క్షయకి మందనీ, చెవులు తినేస్తుందనీ నాకు చెప్పింది నువ్వు. వీళ్లకీ చెప్పావు. చెప్పి వేశావు. హోరు వస్తోందని ఫోను చేస్తే పూర్తి చెయ్యమన్నావు. వెయ్యరాదట్రా అన్నది మీరు, నాన్నా. నేను దుప్పటి కింద ఉన్నాను. అప్పటికి నా చెవులు బాగానే ఉన్నాయి."

నాన్న అరచేయి కిందికి అదిమి చూపించాడు, గొంతు తగ్గించమని. మా ఆయన లేచి కిటికీ తలుపులు వేయబోయాడు. అప్పుడు అర్థమైంది. నేను మామూలుగా మాట్లాడుతున్నాననుకున్నాను. నా గొంతు ఎంత ఎత్తున పోతోందో నాకు తెలియడం మానేసి చాలా రోజులైంది. రోడ్డు మీద రిక్షా తొక్కుకుంటూ పోయేవాడు కాలు కింద ఆనించి ఆగి మా కిటికీ వైపు చూస్తున్నాడు.

తగ్గించడం నాకు చేతకాదు. చేతనైనా తగ్గించేదాన్ని కాదు. మొదట్నించీ మళ్లీ చెప్పాను.

వసారాలో ఒకామె ముక్కుకి గుడ్డ అడ్డం పెట్టుకుని కూర్చుని ఉంది. కళ్ల కింద వాపు. నాకు తెలుసు ఆ వాపు. ఆమె గుమ్మంలోంచి నన్ను చూసింది, అన్నయ్యని చూసింది. లేచి, పక్కన ఉన్న కూతురి చెయ్యి పట్టుకుని, చెప్పులు తొడుక్కుని, మెట్లు దిగి వెళ్లిపోయింది.

అన్నయ్య కుర్చీలోంచి సగం లేచాడు. నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు. ఎండలో నడిచిపోతున్న ఆమె వంకే చూస్తూ నిలబడ్డాడు.